కనబడని మిషన్

రెండో శనివారం పొద్దున బాలస్వామి వేసుకున్న పథకం చిన్నది. ఏడింటికి ఉప్మా తినాలి. ఎనిమిదింటికి చెవిలో మిషన్ పెట్టుకోవాలి. వారాసిగూడ నుంచి నడిచి తొమ్మిదిన్నరకు క్యాంపస్ చేరాలి. పది నుంచి ఒంటిగంట దాకా సూపరింటెండెంట్ పరీక్ష రాసి, ఇంటికొచ్చి భోంచేసి పడుకోవాలి. ఇందులో అటూ ఇటూ కావడానికి వీలున్నది మిషన్ ఒక్కటే. అదే అయింది.

బాలస్వామి యూనివర్సిటీలో సీనియర్ అసిస్టెంట్. రిటైర్మెంటుకు ఇంకా పదహారు నెలలుంది. ఈ పరీక్ష పాసైతే సూపరింటెండెంటుగా దిగిపోతాడు. తప్పితే ఇప్పుడున్న కుర్చీలోనే రిటైర్మెంటు దండ వేయించుకుంటాడు. మళ్లీ పరీక్ష పెట్టేసరికి ఆయన ఉద్యోగంలో ఉండడు. కిందటిసారి ప్రశ్నపత్రంలో అచ్చుతప్పు దొర్లింది. మూడో పేజీ వదిలేయండని హాల్లో చెప్పారు. అందరూ వదిలేశారు. ఈయన తలూపి, ఆ పేజీని శ్రద్ధగా రాసి వచ్చాడు.

పదేళ్లుగా చెవుడు. చెవిటివాణ్ణి సూపరింటెండెంటు చేయరని భయపడి, పదేళ్లుగా దాన్ని దాచాడు. దాచే పద్ధతి ఒక్కటే. ఎవరేమన్నా చిరునవ్వు నవ్వి "అవును సార్" అనడం. ఆఫీసులో ఆ మాట అన్నవాణ్ణి ఎవరూ తిరిగి ప్రశ్నించరు. పని నడిచిపోయింది.

కిందటి నెల తార్నాకలో వినికిడి మిషన్ల దుకాణానికి వెళ్లాడు. పరీక్ష చేసిన అమ్మాయి పేరు సుధామయి. ఆమె మూడు రకాలు బల్ల మీద పెట్టింది. ఒకటి చెవి వెనక తగిలించుకునేది. ఒకటి చెవి గుంటలో కూర్చునేది. మూడోది గోరంత. లోపలికి పోయి మాయమవుతుంది. బయటికి లాగడానికి చిన్న నైలాన్ దారం ఉంటుంది.

"మీకు వినికిడి బాగా తగ్గిందండి," అని ఆమె గట్టిగా చెప్పింది. "చెవి వెనక పెట్టుకునేదే తీసుకోండి. పవర్ ఉంటుంది. బ్యాటరీ మార్చడం కూడా మీ వేళ్లకి తేలిక."

"ఈ చిన్నది పెట్టుకుంటే బయటికి కనవడుతదా అమ్మా?"

"కనపడదండి. కానీ మీకది చాలదు. సౌండ్ పెంచితే ఈల వేస్తుంది."

కనపడదు అన్నంత వరకు ఆయన ఆమె పెదాలు చూశాడు. తరువాత మిషన్ వైపు చూశాడు. ఆమె మరో పావుగంట వివరించింది. ఆయన చిరునవ్వుతో "అవును మేడం" అంటూ, చిన్నదాన్ని జేబులో వేసుకొని వచ్చాడు.

పరీక్ష హాల్లో సూచనలన్నీ వినపడ్డాయి. ఆ సంతోషంలో ఆయన సౌండును చివరిదాకా పెంచాడు. మొదటి కష్టమైన ప్రశ్న రాగానే చెంపకు చెయ్యి ఆనించి ఆలోచించాడు. చెవి నుంచి సన్నగా ఈల మొదలైంది. హాల్లో అందరూ తలెత్తారు, ఆయన తప్ప. సన్నటి శబ్దాలు ఆయనకు మిషన్ ఉన్నా అందవు. చెయ్యి తీయగానే ఈల ఆగింది. పర్యవేక్షణలో ఉన్న లెక్చరరు ఫ్యాన్లు చూసింది, కిటికీలు చూసింది. ఆ రోజు ప్రశ్నలన్నీ కష్టమైనవే. అయిదో ఈలకు ఆమె ఆయన పక్కన ఉంది. చెవిలో దారం కనబడింది.

పరిశీలకుడు అచ్యుతరామయ్య పరుగున వచ్చాడు. రిటైరైన ప్రొఫెసరు. ముప్పయ్యేళ్లలో చీటీలు తప్ప ఏమీ పట్టలేదు. చెవిలో పరికరాలు పెట్టుకొని కాపీ కొట్టేవాళ్ల గురించి కిందటి వారమే ఆయనకు శిక్షణ ఇచ్చారు. బాలస్వామిని పక్కగదిలోకి తీసుకెళ్లి, దారం లాగి, మిషన్‌ను కవరులో వేసి సీలు వేశాడు. దానితో బాలస్వామికి లోకం మూగబోయింది. చెవుడని చెబితే పోస్టు పోతుంది. అందుకే పాత పద్ధతిలోకి దిగాడు.

"బయట నుంచి మీకు ఎవరైనా జవాబులు చెబుతున్నారా?" అని అచ్యుతరామయ్య కాగితంలోంచి తలెత్తకుండా అడిగాడు.

చిరునవ్వు. "అవును సార్."

"ఒక్కరేనా, ముఠా ఉందా?"

"అవును సార్."

"అంటే తప్పు ఒప్పుకున్నట్టేనా?"

"అవును సార్. అంత మీ దయ."

అచ్యుతరామయ్య అన్నీ రాసుకొని, కాగితం ఆయన ముందుకు జరిపాడు. పరీక్షలకు మూడేళ్లు అనర్హుడని అందులో ఉంది. బాలస్వామి కళ్లు బాగానే పనిచేస్తాయి.

"సార్, అది చెవుటి మిషన్. నాకు ఇనవడదు," అన్నాడు. పదేళ్లలో మొదటిసారి.

అచ్యుతరామయ్య సాక్షిని పిలిపించాడు. ఆఫీసులో బాలస్వామి పక్క బల్ల ఉప్పలయ్య ఆ రోజు పరీక్ష డ్యూటీలోనే ఉన్నాడు. బాలస్వామికి చెవుడా అని అడిగితే ఉప్పలయ్యకు కోపం వచ్చింది.

"ఎవలన్నరు సార్? చీమ చిటుక్కుమన్నా ఇంటడు."

స్నేహితుడు తన తరఫున గట్టిగా మాట్లాడుతున్నాడని మాత్రం బాలస్వామికి అర్థమైంది. కృతజ్ఞతతో "అవును సార్" అన్నాడు.

ఆయన జేబులో దుకాణం కార్డు దొరికింది. అచ్యుతరామయ్య ఫోను చేశాడు. మిషన్ తనే ఇచ్చానని, బయటికి కనబడుతుందా అని తప్ప ఆయన ఇంకేమీ అడగలేదని సుధామయి నిజాయితీగా చెప్పింది. కనబడకూడదనే కొన్నాడన్నమాట అని అచ్యుతరామయ్య పోలీసుల మాట ఎత్తేసరికి ఆమె ఫోను పెట్టేసి, ఆటోలో పది నిమిషాలలో వచ్చింది. చేతిలో వినికిడి పరీక్ష కాగితం, ఒక పెట్టె ఉన్నాయి.

అచ్యుతరామయ్య కాగితంలోని గీతలను తలకిందులుగా పట్టుకొని చూశాడు.

"అది వద్దండి," అంది ఆమె. "వెనక నిలబడి ఆయనతో ఏదైనా అనండి."

అచ్యుతరామయ్య వెనక నిలబడి, నిన్ను ఉద్యోగం నుంచి తీసేస్తున్నాం అన్నాడు. తరువాత అరిచి చెప్పాడు. బాలస్వామి గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. పదకొండున్నర అయింది. గదిలో నవ్వనివాడు అచ్యుతరామయ్య ఒక్కడే. ఆయన అనర్హత కాగితం చింపేశాడు.

సుధామయి పెట్టెలోంచి చెవి వెనక పెట్టుకునే మిషన్ తీసి బాలస్వామికి తగిలించింది. అచ్యుతరామయ్య గొంతు సవరించుకున్నాడు. పోయిన సమయం తిరిగి ఇస్తామని, కానీ తనకు చెవుడని అభ్యర్థి రాసివ్వాలని, తోటి ఉద్యోగి సాక్షి సంతకం చేయాలని చెప్పాడు. బాలస్వామి కలం పట్టుకొని ఆగిపోయాడు. రాస్తే సోమవారానికి ఆఫీసంతా తెలిసిపోతుంది.

ఉప్పలయ్య కాగితం లాక్కొని ముందుగా సాక్షి సంతకం పెట్టేశాడు.

"ఇందాక చీమ అన్నావు?" అని అచ్యుతరామయ్య నిలదీశాడు.

"ఆయన దాస్తుండు గద సార్. మేమెట్ల చెప్తం? పదేండ్ల సంది సెక్షన్ల అందరం దాస్తున్నం."

బాలస్వామికి ప్రతి అక్షరం వినబడింది. "అందరా?" అన్నాడు.

"అటెండర్‌తోని సహా అన్నా."

బాలస్వామి సంతకం పెట్టి, వెళ్లి పరీక్ష రాశాడు.

అత్తెసరు మార్కులతో పాసయ్యాడు. సూపరింటెండెంట్ కుర్చీలో కూర్చున్నాడు. చెవి వెనక మిషన్ నాలుగు బల్లలకూ కనబడుతుంది. ఆ నాలుగు బల్లల వాళ్లూ పదేళ్లుగా ఆయన ఎదుటే, ఆయన గురించే, గొంతెత్తి మాట్లాడుకున్నవాళ్లు. ఇప్పుడు ఎవరూ నోరు విప్పడం లేదు. ఆ నెల నుంచి సెక్షన్‌లో ఫైళ్లు కదలడం మొదలైంది.