బ్రేకు మర

ఆ ఉదయం నాంపల్లి మీద మబ్బు కమ్ముకొని ఉంది, కురిసే ధైర్యం మాత్రం దానికి లేదు. కచేరీ గుమాస్తా శ్రీపతి తన వాకిట్లో నిలిచిన జీపు చుట్టూ తిరుగుతున్నాడు. జీపు ఆయనది కాదు. భార్య నళిని అన్న శ్యామ్‌సుందర్‌ది. అబిడ్స్‌లో ఆయనకు బట్టల దుకాణం. శ్రీపతి కూతుర్ని చూడవచ్చేవాళ్లను సాయంత్రం స్టేషన్ నుంచి ఆ జీపులోనే తేవాలి. బ్రేకు మెత్తబడిందని బావ అంటే, మెకానిక్కు ఎందుకు, పైపులో గాలి చేరింది, పొద్దున్నే నేను తీసేస్తానని ముందునాడు అందరి ఎదుటా శ్రీపతే అన్నాడు.

ఆ గాలి వదలడానికి చక్రం వెనుక వేలి కొనంత మర ఒకటి ఉంటుంది. కొంచెం విప్పాలి, అంతే. బట్టలు మాస్తాయని శ్రీపతి కింద పడుకోలేదు. పైనుంచి వంగి, కనబడకుండానే పానా తగిలించాడు. అవతలి వైపు నుంచి తిప్పితే విప్పడం కాస్తా బిగించడం అవుతుందని తోచలేదు. మర కదల్లేదు. బలం పెట్టాడు. టక్కుమని తల తెగి చేతిలోకి వచ్చింది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మిగిలిన ముక్కకు కిరసనాయిలు పోశాడు. పట్టకారుకు పట్టు దొరకలేదు. మర మధ్యలో సన్నని బెజ్జం ఉంటుంది గనుక అందులో నాలుగు పలకల మేకు దిగగొట్టి తిప్పాడు. మేకూ విరిగింది. ఇప్పుడు లోపల రెండు ముక్కలు, కింద బ్రేకు ఆయిలు మడుగు.

అప్పుడే శ్యామ్‌సుందర్ వచ్చాడు.

"ఏంది శ్రీపతీ, గిట్ల కారుతున్నది?"

"రిక్షా తగిలింది బావా. నడిపి చూద్దమని అబిడ్స్ దాకా పోయిన. ఎర్ర టాపు రిక్షా."

నాలుక ముందు నడిచింది, బుద్ధి వెనుక వచ్చింది. అబిడ్స్‌లో ఎర్ర టాపు రిక్షాలకు లెక్క లేదు గదా అని కాసేపు ధైర్యంగానే ఉన్నాడు. బావ బయటికి పోయాడు. శ్రీపతి స్నానం చేసి చొక్కా మార్చుకొనేసరికి, ఎర్ర టాపు రిక్షాలోనే తిరిగి వచ్చాడు. తొక్కేవాడి పేరు పోశెట్టి. పోస్టాఫీసు దగ్గర రిక్షాలవాళ్లను అడిగితే తానే ముందుకు వచ్చాడట.

"ఔ సారూ. పొద్దుగాల ఏదో బండికి తాకిచ్చిన. భయమై మల్ల సూడలే. గిదేనా?"

పోశెట్టి శ్రీపతి వైపు చూశాడు. బావ కూడా అటే చూశాడు. శ్రీపతి తల ఊపాడు. ఆ ఊపు ఔనో కాదో దానికే తెలియాలి. ఠాణాలో ఇస్తే రిక్షా గుంజుకుంటారని, ఇంట్లో పొయ్యి వెలగదని పోశెట్టి చేతులు జోడించాడు.

శ్యామ్‌సుందర్ కోపం దిగిపోయింది. "ఫికర్ చెయ్యకు. తప్పు చేసినవ్ గాని దాసుకోలే. గసుంటోన్ని ఠాణాకు పంపుతనా?" అన్నాడు. చుట్టాలను సాయంత్రం అతని రిక్షాలోనే తెద్దామన్నాడు. ముగ్గురికీ వడ్డించమని చెల్లెలికి చెప్పాడు.

శ్రీపతి బావ దగ్గరకు జరిగాడు. "బావా..."

"తిన్నంక చెప్పు."

వసారాలో ముగ్గురూ ఒకే వరుసలో కూర్చున్నారు. మాసిన చొక్కా నానబెడుతున్న నళిని తడి చేతులతోనే వచ్చింది. అన్నం, పప్పు వడ్డించింది. అన్నకు మామిడికాయ తొక్కు వేసింది, పోశెట్టికీ వేసింది. భర్త విస్తరిలో తొక్కు ఉండాల్సిన చోట, తెగిన మర తల పెట్టి లోపలికి పోయింది.

శ్యామ్‌సుందర్ దాన్ని చూశాడు. చూపు తిప్పుకొని అన్నం కలుపుకున్నాడు.

ఆ పూట కడుపు నిండా తిన్నది, తనది కాని తప్పు ఒప్పుకున్నవాడొక్కడే.