ముందు చక్రం కింద నిమ్మకాయ

దసరా పొద్దున లింబాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. అబూ ఖలీల్ ఇంట్లో ఎవరూ లేవకముందే, తాను నడిపే ఇంటి కారుకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. ముందు చక్రాల కింద చెరో నిమ్మకాయ తొక్కించాలి. తర్వాత అంతా తుడిచేసి, ఏమీ ఎరగనట్టు బండి కడుగుతూ కనిపించాలి. బహ్రెయిన్‌లో, బుసైతీన్ అనే ఊళ్లోని ఆ ఇంట్లో డ్రైవరుగా చేరి తొమ్మిదేళ్లయింది. ఎనిమిది దసరాలు ఇలాగే దొంగచాటుగా గడిచాయి. వద్దని ఎవరూ అనలేదు. అడిగితే కదా అనడానికి.

తొమ్మిదో దసరాకు అతనికి జాలి పుట్టుకొచ్చింది. ఇంటి కారు పక్కనే, పందొమ్మిది వందల అరవై ఆరు నాటి ఇంపాలా కారు నిలబడి ఉంది. ఇంటి పెద్దాయన అబూ ఖలీల్. ఆయన తండ్రి ఒకప్పుడు అమెరికా నుంచి తెప్పించుకున్న బండి అది. ఒక బండికి బొట్టు పెట్టి పక్కనున్న ముసలిదాన్ని వదిలేస్తే, పంక్తిలో ఒకరికి వడ్డించి ఇంకొకరిని దాటిపోయినట్టు ఉంటుందనిపించింది. గుదైబియా బజారు కొట్టు నుంచి తెచ్చినవాటిలో ఒక నిమ్మకాయ మిగిలింది కూడా. దాన్ని ఇంపాలా ఎడమ చక్రం కింద పెట్టాడు. వారానికోసారి ఆ బండిని స్టార్ట్ చేసి కాస్త కదపడం ఎలాగూ అతని డ్యూటీయే. కదిపాడు. కాయ చితికింది.

సరిగ్గా అప్పుడే నమాజు ముగించుకుని పెద్దాయన షెడ్డులోకి వచ్చాడు.

లింబాద్రి తొక్కను బకెట్టు వెనక్కి తన్నగలిగాడు గానీ, తడిని ఎక్కడికి తన్నుతాడు?

"అదేమిటి లింబాద్రీ, చక్రం కింద?" అన్నాడు పెద్దాయన. వాళ్ల మాటలు సగం అరబ్బీ, సగం హిందీ. మన సౌకర్యం కోసం తెలుగులోనే చెప్పుకుందాం.

నిమ్మకాయ బాబా, పండుగ బాబా, అంటే అక్కడితో అయిపోయేది. కానీ తొమ్మిదేళ్లుగా అడగకుండా చేసిన పని ఇప్పుడు ఒక్కసారిగా దొంగతనంలా కనిపించింది. ఇల్లు వాళ్లది, బండి వాళ్ల నాన్నది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"బ్రేకాయిల్, బాబా," అన్నాడు.

పెద్దాయన వంగి, టైరును వేళ్లతో తడిమి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఇంటివైపు తిరిగి, ఎప్పుడూ లేనంత గట్టిగా కేకేశాడు.

"ఉమ్ ఖలీల్! నాన్న బండికి బ్రేకాయిల్ కారుతోంది!"

ఆయన భార్య వంటింటి గుమ్మంలోకి పరుగున వచ్చింది. మామగారి బండికి ఒక్క బోల్టు మార్చినా ఊరుకోనని పాతికేళ్లుగా అంటున్న మనిషి. పది రోజుల్లో మనవరాలి పెళ్లి. పెళ్లికూతురు ఆ బండిలోనే హాలుకు వెళ్లాలి. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, "పిల్ల కంటే ఇనుము ఎక్కువా? ఏది మార్చాలో మార్చండి," అంది.

మధ్యాహ్నానికి మీనా సల్మాన్ రేవు దగ్గరి వర్క్‌షాపు నుంచి మెకానిక్ గంగాప్రసాద్ వచ్చాడు. లింబాద్రిది జగిత్యాల పక్క ఊరైతే, అతనిది ఆ పక్క ఊరు. చక్రం ఊడదీసి, లోపలికి టార్చి కొట్టి చూశాడు.

"ఏడున్నదిర లీకు? ఎండుకపోయి ఉన్నది గదరా!"

"మెల్లగ మాట్లాడే అన్నా. నీ కాల్మొక్త. ఉన్నదని చెప్పు."

"లేంది ఎట్ల చెప్తరా?"

"నిమ్మకాయ తొక్కిచ్చిన. దసర గదా."

గంగాప్రసాద్ నోట్లో స్పానర్ పెట్టుకుని నవ్వాపుకున్నాడు. తర్వాత పెద్దాయన దగ్గరికి వెళ్లి, చక్రం లోపలి సిలిండర్ మార్చాలని గంభీరంగా చెప్పాడు. అది ఇక్కడ దొరకదని, దొరకదు కాబట్టి ఖలాస్, పాతదే తుడిచి బిగిద్దామని అతని ఎత్తు.

"దొరక్కపోతే డిస్కు బ్రేకులు వేసేద్దాం," అన్నాడు పెద్దాయన తడుముకోకుండా. "అదే కంపెనీ, మూడు నాలుగేళ్ల తర్వాతి మోడలువి దీనికి పడతాయట కదా?"

ఆ మాటకు మెకానిక్కే బిత్తరపోయాడు. ఆ సంగతి ఈ ముసలాయనకు ఎలా తెలుసని అప్పుడు ఎవరికీ తోచలేదు.

తుక్కు గోదాముల్లో నాలుగు రోజులు వెతికితే, పక్షులు గూడు పెట్టిన ఒక పాత బండి దొరికింది. దాని డిస్కులు ఇంపాలాకు అచ్చంగా అమిరాయి. లింబాద్రి ఊపిరి పీల్చుకున్నాడు. చక్రం బిగించబోతే రిమ్ము లోపలికి పోలేదు. పాత రిమ్ము చిన్నది, కొత్త బ్రేకు పెద్దది. రిమ్ములు నాలుగూ మార్చారు. అప్పుడు పాత టైర్లు పట్టలేదు. టైర్లు మార్చారు. అప్పుడు పెడల్ వెనకున్న సిలిండర్ చాలదని తేలింది. అదీ మార్చారు. ఒక్క నిమ్మకాయకు సగం బండి విప్పి షెడ్డు నిండా పరిచారు.

ఎనిమిదో రోజున అసలు దెబ్బ తగిలింది. పాత చక్రాలకున్న, వెండిలా మెరిసే మూతలు కొత్త రిమ్ములకు పట్టలేదు. ఆ మూతలు పెద్దాయన తండ్రి ప్రతి శుక్రవారం తన చేత్తో తుడుచుకున్నవి. తొమ్మిదేళ్లుగా లింబాద్రి తుడుస్తున్నవి. పెద్దాయన నాలుగింటినీ తెల్ల గుడ్డలో చుట్టి లోపలికి తీసుకుపోయాడు. ఆ వీపు చూస్తుంటే లింబాద్రికి నేల చీలితే బాగుండుననిపించింది. ఆ పూటే గంగాప్రసాద్‌ను పక్కకు పిలిచాడు.

"చెప్పేస్తనే అన్నా," అన్నాడు.

"చెప్పినంక నిన్ను ఇంటికి తోలిత్తె?"

"తోలనియ్యి. ఆ మూతల మొఖం చూడలేక సస్తున్న."

చివరి పని, వెనక చక్రాలకు బ్రేకాయిల్ తీసుకుపోయే పాత రబ్బరు పైపు తీసేయడం. గంగాప్రసాద్ దాన్ని కాస్త వంచగానే పిండి రాలినట్టు విరిగిపోయింది. అతని నవ్వు మాయమైంది.

"ఒక్కసారి గట్టిగ తొక్కితె పగులుతుండె తమ్మీ. పాత బండిల నాలుగు చక్రాలకు ఒక్కటే లైను. మొత్తానికే బ్రేకు ఉండకపోవు."

ఆ విరిగిన ముక్కను ఇల్లంతా చూశారు. ఉమ్ ఖలీల్ కళ్లు తుడుచుకుంది. పెళ్లికూతురు లింబాద్రికి చేతులు జోడించింది. పెళ్లికి ముందురోజు, అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో బంధువులందరి ముందు పెద్దాయన అతని భుజం తట్టి, "ఒక్క చుక్క తడి చూసి నా మనవరాలి ప్రాణం కాపాడాడు. రేపు బండి నడిపేది ఇతనే," అన్నాడు.

పొగడ్త వింటూ అంత సిగ్గుపడ్డ మనిషి బహ్రెయిన్ మొత్తంలో ఇంకొకరు ఉండరు. బంధువులు భోజనాలకు లేవగానే అతను పెద్దాయన వెంట షెడ్డు దాకా నడిచాడు.

"బాబా, అది ఆయిల్ కాదు. నిమ్మకాయ. మా పండుగ. మిమ్మల్ని అడగకుండా తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. అబద్ధం చెప్పాను. మీ నాన్నగారి మూతలు నా వల్లే పోయాయి." చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

పెద్దాయన జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పాడు. ఎండిపోయిన నిమ్మతొక్క ముక్క.

"టైరు గాడిలో ఇరుక్కుంది, ఆ రోజే తీశాను. నువ్వే చెబుతావని చూశాను, అదొకటి. రెండోది..." ఆయన ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. ఇప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పాతికేళ్లుగా ఆ డిస్కుల గురించి పుస్తకాలు చదువుతున్నాను. ఆవిడ ఒప్పుకోదు. నీ నిమ్మకాయ ఒప్పించింది. నీకొక్కడికే కాదు సిగ్గు. ఆ పైపు మాత్రం నాకూ తెలియదు లింబాద్రీ. అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక కొత్త చక్రాలను చూస్తూ నిలబడ్డారు.

"వచ్చే దసరాకు షెడ్డు తలుపు తీసిపెట్టి చేసుకో," అన్నాడు పెద్దాయన చివరికి. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఇంకో నిమ్మకాయ ఉందా? ఈ బండికి ఏసీ కూడా మార్చాలి."