బొత్తాల పోటీ

అన్నిట్లోనూ నాకన్నా ఒక మెట్టు పైనుండే నా తోడికోడలిని ఇన్నాళ్ళూ భరించాను. కానీ ఆవిడ కొడుకు చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడని, వాళ్ళ దగ్గరే ఉండే మా అత్తగారు ఫోన్లో మురిసిపోయేసరికి నా కడుపులో పొయ్యి వెలిగింది. మా బుజ్జిదీ వాడి ఈడుదే. దీనికి బొత్తామంటే నోట్లో పెట్టుకునే వస్తువు. పైగా ఆదివారం వాళ్ళంతా మా ఇంటికి వస్తున్నారు.

చిన్న చిన్న వస్తువులతో ఆడిస్తే పిల్లల వేళ్ళకి పనితనం వస్తుందట అని మావారితో అన్నాను.

"ఇదంతా బుజ్జిదాని వేళ్ళ కోసమా, మా మరదలి ముక్కు వంచడం కోసమా?"

"వేళ్ళు తిరిగితే ముక్కు దానంతటదే వంగుతుంది."

పూసలు గుచ్చమన్నాను. సగం మావారి బూట్లలో తేలాయి. బట్టల క్లిప్పులిచ్చాను. కునుకు తీస్తున్న ఆయన చెవులకీ ముక్కుకీ తగిలించింది. పట్టు బాగానే కుదిరిందని ఆయనే ముక్కుతో ఒప్పుకున్నారు.

దానికి నచ్చిన ఆట ఒక్కటే. సీసా మూతకి చీలిక కోసి ఇస్తే, అందులోంచి పాత బొత్తాలు లోపలికి జారవిడవడం. చొక్కాకి పెట్టుకోమంటే మాత్రం, దర్జీ ముందు కొలతలకి నిలబడ్డట్టు చేతులు చాచేది.

శనివారం నా ఓపిక అయిపోయింది. దాని చొక్కాకి లోపల టిచ్ బటన్లు కుట్టి, పైన ఉత్తుత్తి బొత్తాలు రెండేసి కుట్లతో తగిలించాను. నొక్కితే చాలు, చూసేవాళ్ళకి బొత్తాం పెట్టుకున్నట్టే.

"ఇది మోసం," అన్నారు మావారు.

"అలంకరణ," అన్నాను.

ఆదివారం అత్తగారి ముందు తోడికోడలి కొడుకు చకచకా బొత్తాలు పెట్టుకున్నాడు. మాదీ టక్కుటక్కుమని పెట్టేసింది. అత్తగారు "అబ్బో" అన్నారు. ఆ అబ్బో చెవిలో ఇంకా చల్లబడకముందే బుజ్జిదానికి బల్లమీద సీసా కనిపించింది.

దాన్ని దించుకుని నేలమీద చతికిలబడి, పైబొత్తాన్ని రెండు వేళ్ళతో పట్టి, మెలితిప్పి, పీకింది. సీసాలో టింగుమంది. తర్వాతది, ఆ తర్వాతది. బొత్తాలన్నీ సీసాలో చేరాయి, చొక్కా మాత్రం మూసుకునే ఉంది.

"వేళ్ళకి బలం వచ్చింది," అన్నారు మావారు మెల్లగా.

వంటింట్లోకి జారుకుని కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతున్నాను. తోడికోడలు వెనకే వచ్చింది. దెప్పుతుందని వీపు బిగబట్టాను.

"అక్కా, ఆ టిచ్ బటన్లు బట్టలో భలే కలిసిపోయాయి. ఎక్కడ కొన్నావు? నేను మావాడి చొక్కాకి కుట్టినవి దగ్గరికొస్తే తెలిసిపోతున్నాయి."

కొట్టు పేరు చెప్పాను. చెబుతున్నంతసేపూ నన్ను తొలిచింది ఒకటే: ఈ ఉపాయం కూడా నాకంటే ముందు ఆవిడకే తట్టిందే!