ఐదున్నర గంటల మహాసంగ్రామము

శ్రీమదోరుగల్లు మహానగరమున, జంపఖానాల నేతకు నలుదిక్కుల పేరుమోసిన కొత్తవాడయందు, మగ్గములన్నియు వారపు సెలవు పుచ్చుకొని మౌనవ్రతము పూనిన ఒకానొక ఆదివారము, ఉదయము పది గంటల పది నిమిషములకు, సూర్యభగవానుడు రేకుల కప్పులను కాల్చు పనిలో నిమగ్నుడై యుండగా, చారల లుంగీధారియు, చేతుల బనియను కవచధారియు, తనకు తెలియనిది లేదని తానొక్కడే నమ్మినవాడును అగు సారంగపాణి, తన ఇంటి ముందరి గదిలో కంప్యూటరు ఎదుట ప్లాస్టిక్ కుర్చీ నధిష్ఠించెను. ఓ శ్రోతలారా! పూర్వకాలపు వీరులు కోటలు పట్టిరి, మదగజములను కూల్చిరి. మన కాలమునకు దక్కిన వీరుడు ఇతడు. దక్కినవానితో సరిపెట్టుకొని వినుడు.

ఆ కంప్యూటరు పదకొండేండ్ల ముసలిది. పొద్దున మీట నొక్కినచో, ఇంటి ఇల్లాలు కమల చాయ పెట్టి, వడగట్టి, ఆ చాయ చల్లారిన పిదప గాని తెర వెలగదు. ఇట్టి వార్ధక్యపీడితమునకు కొత్త విండోస్ ఎక్కదని కొంతకాలముగా తెరమీద ఒక తాఖీదు వెలయుచుండెను. ముందటి దినము కమల తమ్ముడు సదానందము, వీధి చివరి జిరాక్సు మరియు కంప్యూటరు దుకాణమునకు ఏకచ్ఛత్రాధిపతి, ఆ తాఖీదును చదివి, శవమును పరీక్షించిన వైద్యునివలె పెదవి విరిచెను.

"బావా, దీని పని అయిపోయింది. పాత సామాన్లోనికి ఇచ్చెయ్. మా దుకాండ్ల కొత్తది ఉన్నది, తెచ్చి బిగిస్త."

"అక్కెరలేదు. లైనక్స్ అని ఒకటున్నదట. పాత మిషిన్ల మీద గుర్రమోలె ఉరుకుతదట. విండోస్ పక్కపొంటె ఉంటదట, ఏది గావాల్నంటె అది తెరుసుకోవచ్చట" అని సారంగపాణి ఫోనులో చూచిన జ్ఞానమును వెదజల్లెను.

"నీతోని గాదు బావా. నీకు మౌస్ పట్టుడే సక్కగ రాదు."

ఈ వాక్యము సారంగపాణి గుండెలో బాకువలె దిగెను. అతడు పడుచుతనమున పద్నాలుగేండ్లు వీధి నాటకములలో రాజు వేషము కట్టినవాడు. కిరీటము ఎలుకలు కొట్టినను కోపము వచ్చినప్పుడెల్ల నాలుక ఆ నాటి భాషకే మళ్లును. దిగ్గున లేచి, కుడిచేయి రేకుల కప్పు వైపు చాచి, ఇట్లు గర్జించెను:

"ఓరీ జిరాక్సు దుకాణాధమా! నకలు తీయుటయే గాని అసలు నెరుగని నీవా నన్ను అధిక్షేపించువాడవు! రేపు సూర్యాస్తమయమునకు మునుపే ఈ ఒక్క యంత్రగర్భమున ఇరువురు రాజులను చెరియొక సింహాసనమున నిలుపనిచో, నేను సారంగపాణినే కాను!"

"మరి ఇంకేం పేరు వెట్టుకుంటవో సోచాయించుకో" అని సదానందము చెప్పులు తొడుగుకొని వెడలెను.

ఇక్కడ ఒక రహస్యము విప్పవలసియున్నది. ఆ ముసలి యంత్రపు కడుపులో రెండు వందల పద్నాలుగు జంపఖానా నమూనాలు కలవు. నెమళ్లు, ఏనుగులు, తీగలు, గవ్వల వరుసలు. వాటిని చూచియే నేతగాండ్రు మగ్గమెక్కుదురు. వాటిని గళ్ల కాగితముమీద రంగు పెన్సిలుతో గడి గడి నింపినది కమల. మధ్యాహ్నపు కునుకు మానుకొని, చుక్క చుక్కగా కంప్యూటరులో ఎక్కించినది కమల. ప్రతిదాని అడుగున 'సారంగపాణి డిజైన్స్' అని చేర్చినది మాత్రము సారంగపాణి. ఆ శ్రమ అంతయు అతడొక్కడే భరించెను.

ఆ ఆదివారము కుర్చీ ఎక్కిన వీరుని చూచి కమల అడిగెను. "నా డిజైన్లకు ఏమన్నయితదా?"

"పెన్‌డ్రైవ్ల కాపీ ఉన్నది. ఫికర్ జెయ్యకు."

అది నిజమే. కాపీ కలదు. ఇంటిలో పెన్‌డ్రైవు ఒక్కటే కలదనునదియు నిజమే. లైనక్సును యంత్రములో ఎక్కించుటకు ముందుగా దానిని ఒక పెన్‌డ్రైవులో నింపవలెనని ఫోనులోని గురువు సెలవిచ్చినప్పుడు, మన వీరుడు సొరుగు లాగి చేతికందిన దానినే గుచ్చెను. "ఇందులో ఉన్నదంతయు తుడిచివేయబడును, సమ్మతమేనా?" అని తెర ఇంగ్లీషులో హెచ్చరించెను. ఇంగ్లీషులో అడిగిన ప్రతి ప్రశ్నకు జీవితమంతయు సమ్మతించుచు వచ్చిన సారంగపాణి దీనికిని సమ్మతించెను.

తెరమీద తుడుపు పనిని చూపు ఆకుపచ్చ గీత సగము దాటి సాగుచుండగా అతనికి తాను చేసినది ఎరుకపడెను. పెన్‌డ్రైవు పెరికిన లాభము లేదు. పోవలసినది అప్పుడే పోయెను. ఇక ఆ రెండు వందల పద్నాలుగింటికి ఈ భూమండలమున ఒక్కటే నివాసము మిగిలెను. ఆ నివాసమునే రెండుగా చీల్చుటకు తాను గొడ్డలి ఎత్తియున్నాడు. వంటింటిలో కమల ఉల్లిగడ్డలు కోయుచున్నది. "కమలా" అని పిలువబోయి, గొంతు సవరించుకొని, "మంచినీళ్లు" అనెను. మహావీరుని సత్యసంధత అంతవరకే సాగెను.

అంతట ప్రథమ యుద్ధము. యంత్రము కన్ను తెరచు క్షణమాత్రకాలమున ఒకానొక మీటను నొక్కినచో ద్వారపాలకుడు పెన్‌డ్రైవునకు దారి విడుచును. తప్పినచో విండోస్ మహారాజు ఎప్పటివలె ఆవులించుచు కొలువు తీరును. ఆ మీట ఏదో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరు. సారంగపాణి ఎఫ్ రెండు నొక్కెను, విండోస్ వచ్చెను. డిలీట్ నొక్కెను, విండోస్ వచ్చెను. ఎఫ్ పది, ఎఫ్ పదకొండు, ఎస్కేప్ అను యోధులను ఒకరి వెంట ఒకరిని బలిపెట్టెను. ప్రతి ఓటమికిని ముసలి యంత్రము లేచుటకు ఆరేసి నిమిషములు, పండుకొనుటకు మూడేసి నిమిషములు పట్టెను. తొమ్మిదవ మారు రెండు చేతుల పది వ్రేళ్లతో పైవరుస మీటలన్నిటిపై సంగీత విద్వాంసునివలె దొర్లగా, ఎఫ్ పన్నెండు అను మీట కరుణించెను. నల్లని తెరపై పెన్‌డ్రైవు పేరు వెలసెను.

"వచ్చింది! కమలా, వచ్చింది!"

"ఏమొచ్చింది?"

"పేరు!"

కమల పప్పు పొయ్యిమీద నుండి దించి, కొంగుతో చేయి తుడుచుకొనుచు వచ్చి అతని వెనుక నిలిచెను. అప్పుడు తెరమీద రెండు మార్గములు ప్రత్యక్షమయ్యెను. ఒకటి, విండోస్ పక్కననే లైనక్సును నిలుపుట. రెండవది, డిస్కునంతయు తుడిచి లైనక్సునకు పట్టము కట్టుట. ఎనిమిది ఓటములతో అలసిన సారంగపాణి చేతిలో బాణపు గుర్తు మొదటిదానిపై నుండి జారి రెండవదానిపై వాలెను. వ్రేలు నొక్కుటకు వంగెను.

కమల అతని మణికట్టు పట్టుకొనెను.

"ఆగు. గీడ ఎరేజ్ అని ఉన్నది. ఎరేజ్ అంటె తుడుసుడే గదా?"



"సరే, పెన్‌డ్రైవ్ల ఉన్నయ్ గద" అని ఆమె తన ప్రశ్నకు తానే జవాబు చెప్పుకొని పట్టు సడలించెను. అతడు చేయి కదల్చలేదు. ఆమె అతని ముఖమునకు వంగి చూచెను. "ఉన్నయా, లేవా?"

"గా పెన్‌డ్రైవే ఇది" అని రాజు వేషధారి కుర్చీకి కూడ వినబడనంత మెల్లగా పలికెను.

కమల అరవలేదు. అరచినచో అతనికి సులువై యుండెడిది. "పేరు నీది, పని నాది. పోయేటివి గూడ నావే" అని మాత్రమనెను. పిదప పీట లాగుకొని, "జరుగు" అనెను. సారంగపాణి జరిగెను. రాజ్యములు చేతులు మారినప్పుడు గూడ ఇంత నిశ్శబ్దముగా మారియుండవు.

ఆమె ఒక్కొక్క వాక్యమును వ్రేలితో తాకుచు, అక్షరమక్షరము కూడబలుకుకొని చదివెను. అర్థము కానిచోట ఫోనులో చూచి, అర్థమైన పిదపనే ముందుకు సాగెను. మొదటి మార్గమునే ఎంచెను. రెండు రాజ్యముల సరిహద్దు గీతను, తాను గళ్ల కాగితముపై నెమలి మెడకు వంపు తీయునంత ఓపికతో, ఎడమకు కొంత, కుడికి కొంత జరిపి నిలిపెను. నలువది నిమిషములు, పని ఎంత సాగెనో చూపు గీత నడచెను. మన వీరుడు ఆ నలువది నిమిషములు చేతులు కట్టుకొని పక్కన కూర్చుండి, మూడుమార్లు చెమట తుడుచుకొని, ఒకమారు పప్పు మాడు వాసన వచ్చుచున్నదని చెప్పెను. పొయ్యి ఆరి గంటయినది.

యంత్రము మరల కన్ను తెరువగా, నల్లని తెరపై రెండు పేర్లు ఒకదాని క్రింద ఒకటి నిలిచియుండెను. లైనక్సు, దాని క్రింద విండోస్. ముందు లైనక్సు నెంచిరి. అది చాయ నీళ్లు మరుగునంతలో లేచి కూర్చుండెను. కమల దానికి మెచ్చలేదు. "నా డిజైన్లు" అనెను. విండోస్ తెరిచిరి. అది డిస్కును తడుముకొనుచు, లెక్క చూచుకొనుచు, ప్రాణము తోడివేయుచు చిట్టచివరకు వెలిగెను. ఆమె నెమళ్లను తెరిచెను. ఏనుగులను తెరిచెను. గవ్వల వరుసలను తెరిచెను. రెండు వందల పద్నాలుగును ఒక్కటొక్కటిగా చూచి, చివరిదాని మీద కొంతసేపు కన్ను నిలిపి, ముక్కు ఎగబీల్చి లేచెను.

"నేను సోమవారం బజార్ల ఇంకో రెండు పెన్‌డ్రైవ్లు కొనుక్కస్త. వాటిని నువ్వు ముట్టుకుంటె మంచిగుండది" అని లోనికి పోయెను.

ఇక విజయశంఖము ఊదుటకు సారంగపాణి బుగ్గలు పూరించుచుండగా, తెర కుడివైపు అడుగు మూలన ఒక వింత కనబడెను. ఇంటి బయట మధ్యాహ్నము మూడు గంటల నలువది. విండోసులో ఉదయము పది గంటల పది. అనగా అతడు కుర్చీ నధిష్ఠించిన నిమిషమే! ఎనిమిది ఓటములు, పెన్‌డ్రైవు, మణికట్టు, అవమానము, ఏదియు జరుగనట్లు కాలము ఐదున్నర గంటలు వెనుకకు నడిచిపోయెను.

సరిగ్గా ఆ క్షణమున సదానందము గడపలో అడుగిడెను. మూలను చూచెను. ఆనందముతో కండ్లు చెమర్చునంత నవ్వెను.

"బావా, నీ లైనక్స్ నిన్ను మల్ల పొద్దుగాలకు తోలిందా? విండోస్ కరాబయింది పో. ఇగ ఫార్మాటే గతి. దుకాణానికి తీస్కరా."

ఫార్మాటనగా అంతయు తుడుచుట. లోపల గిన్నెల చప్పుడు ఆగెను. ఇప్పుడు ఓడినచో కమల ముందు మరల తల ఎత్తుట కల్ల అని సారంగపాణి ఎరుగును. లేచి, లుంగీ బిగించి, పలికెను:

"మూఢా! ఇంతవరకు నేను పోరాడినది యంత్రముతో. ఇక పోరాడునది సాక్షాత్తు కాలముతో! కుర్చీ వేసుకొని కూర్చుండుము, నీ జిరాక్సు కన్నులతో చూడుము!"

"కూసుంట గని, జర చాయ వొయ్యుమను."

సారంగపాణి విండోసులో గడియారమును చేతితో సరిదిద్దెను. లైనక్సునకు పోయెను, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అది ఇంటర్నెట్టును చూచి తనంతట తాను సరిదిద్దుకొనెను. మరల విండోసునకు వచ్చెను, మరల ఉదయము. ఒక రాజు కొలువులో రాత్రి, మరొక రాజు కొలువులో పొద్దు, వాకిట సాయంకాలము. మూడుమార్లు అటునిటు తిరిగి, నాలుగవమారు ఫోనులో వెదకగా మర్మము తెలిసెను. ఇద్దరి తప్పును లేదు. యంత్రములో ఉన్నది ఒకే గడియారము. విండోస్ దానిని మన ఊరి సమయమని చదువును, లైనక్సు ఎక్కడో తెల్లదొరల సీమదేశపు సమయమని చదువును. మధ్య దూరము ఐదున్నర గంటలు. దానికి మంత్రము ఒక్కటే వరుస.

లైనక్సులో నల్లని కిటికీ తెరిచి, ఒంటి చూపుడువ్రేలితో ఆ వరుసను కొట్టెను. తప్పు వచ్చెను. 'టైమ్‌డేట్' అనుచోట డీ అక్షరము మింగెను. మరల కొట్టెను. యంత్రము సంకేతపదము అడిగెను. అతడు నొక్కుచున్నాడు, తెరమీద చుక్క గూడ పడుటలేదు.

"కీబోర్డ్ గూడ పోయింది బావా" అని సదానందము ఉత్సాహపడెను.

"నోరు మూసుకో రా" అని రాజభాష మరచి, కండ్లు మూసుకొని, కానరాని సంకేతపదమును చివరి అక్షరము దాక నొక్కి, ఎంటర్ మీటను బొటనవ్రేలితో మోదెను. యంత్రము ఏమియు పలుకలేదు. ఆగ్రహింపలేదు, మెచ్చుకొనలేదు. మౌనముగా మరొక ఖాళీ వరుస చూపెను.

విండోస్ తెరిచిరి. కుడివైపు అడుగు మూలన ఐదు గంటల పదునెనిమిది. లైనక్సు తెరిచిరి. ఐదు గంటల ఇరువది మూడు. సదానందము ఫోను తీసి చూచెను. ఐదు గంటల ఇరువది మూడు. అతని ముఖమున చాయ చల్లారెను.

"కమలా!" అని సారంగపాణి వీధి వినునట్లు అరచెను. "రా, చూడుము! కాలమును జయించితిని!"

కమల వచ్చి తెర మూలను చూచెను. "గోడ మీది గడియారం పద్దెనిమిదేండ్ల సంది గదే జూపెడ్తాంది. దానికెన్నడన్న గింత లొల్లి జేసినవా?" అని ఖాళీ కప్పులు తీసుకొని పోయెను.

సదానందము లేచి, గడపదాక నడిచి, వెనుకకు తిరిగి, గొంతు తగ్గించెను. "బావా, గా లైను జర రాసియ్యవా. దుకాండ్ల ఒకలది ఇరవై రోజుల సంది గిట్లనే తప్పు జూపుతాంది. బ్యాటరీ పోయిందని చెప్పిన." సారంగపాణి దిగ్విజయ సార్వభౌమునివలె పెన్ను అందుకొని, బామ్మర్ది అరచేతిలోనే ఆ మంత్రమును లిఖించెను. అందులోను డీ అక్షరము మింగెను.

ఇట్లు కొత్తవాడయందు, ఆదివారము సాయంకాలము, ఒకే యంత్రగర్భమున కొలువు తీరిన ఇరువురు రాజుల తెరలమీద, కుడివైపు అడుగు మూలన, నువ్వుగింజలంత అంకెలు సారంగపాణి భుజబలముచే సరియైన వేళను చూపెనని దిగంతములు మారుమ్రోగునట్లు చాటుచున్నాము. ఈ గాథను విన్నవారికి పుణ్యము రాదు, చదివినవారికి పాపము పోదు. ఎన్ని గంటలయినదో మాత్రము తెలియును.