సముద్రం అవతల పేట

సువార్త నల్లజాతి చరిత్ర, సంస్కృతి కోర్సులో చేరిన రోజు సాయంత్రానికి వాళ్ళ పేట మొత్తం లేచి సముద్రం అవతలికి పోయి కూర్చుంది. ఇళ్ళు, చర్చి, చేతిపంపు, దండేల మీద ఆరేసిన బట్టలు, అన్నీ పోయాయి. యూనివర్సిటీ ఆఫీసులో ఎవరూ కంగారు పడలేదు. నిబంధనల్లోనే ఉంది. ఆ కోర్సులో చదివే అన్యాయం సముద్రం అవతల జరిగిందే అయ్యుండాలి. చేరిన పిల్ల సొంతూరు ఇవతల ఉంటే, పాఠానికీ ఊరికీ పోలికలు తగిలి క్లాసులో గొడవలొస్తాయి. అందుకని కోర్సు అయ్యేదాకా ఊరినే అటు బదిలీ చేస్తారు, పట్టా ఇచ్చిన రోజున వెనక్కి తెస్తారు. గుమాస్తా తలెత్తకుండానే, "మీ వాళ్ళని కిటికీలు మూసుకోమను, ఉప్పుగాలి" అన్నాడు.

అమ్మ ఫోను వచ్చేదాకా సువార్తకి ముద్ద దిగలేదు. ఫోన్లో దీనమ్మ గొంతు గలగలమంటోంది. ఆ ఊరి పేరు నోరు తిరగడం లేదట. మనుషులు నల్లగా, నిటారుగా ఉంటారట, నవ్వితే పక్క వీధికి వినబడుతుందట. మొదటి రోజు పేట వాళ్ళు టీ కొట్టుకి అలవాటు చొప్పున ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకెళ్ళి బల్లలకి దూరంగా నిలబడ్డారు. కొట్టు ముసలామె వీళ్ళు గ్లాసులు అమ్మడానికొచ్చారనుకుని, తిప్పి తిప్పి చూసి, ఇవి నాకొద్దు పొమ్మంది. సువార్త నాన్న యోహాను చేతులు తిప్పుతూ సంగతి చెప్పుకొచ్చాడు. అర్థమయ్యాక ఆమె నవ్వలేదు. మా అమ్మమ్మా ఇలాగే బయట నిలబడేది అన్నట్టు ఏదో సైగ చేసి, బల్ల తుడిచి కూర్చోమంది. యోహాను కూర్చున్నాడు గానీ, టీ తాగినంతసేపూ ఎవరో లేపుతారన్నట్టు ఒక కాలు బయటికే పెట్టుకున్నాడట.

క్లాసులో ప్రొఫెసర్ శశిభూషణ్ గారు బానిసల ఓడల గురించి చెప్పేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. నిజమైన కన్నీళ్ళే. ఎనిమిది వేల మైళ్ళ దూరం నుంచి వచ్చే కన్నీళ్ళు చాలా శుభ్రంగా ఉంటాయి, చేతికి ఏమీ అంటదు. సువార్త మాత్రం ఏడవలేదు. చదివింది. లైబ్రరీలో ఉన్నవన్నీ చదివింది. ప్రతి పేపర్లోనూ ఆమెవే మొదటి మార్కులు. పేటలో పట్టా తీసుకోబోయే మొదటి మనిషి ఆమే.

పేట పోయాక ఇవతల మిగిలిన పెద్దూరికి తిప్పలు మొదలయ్యాయి. చచ్చిన గేదెని లాగే మనిషి లేడు. మురిక్కాలవ పూడుకుపోయి నీళ్ళు వీధిలోకి ఎక్కాయి. జాతరకి డప్పులు లేక స్పీకర్లు పెడితే, ఏటా పూనకం వచ్చే ఆవిడకి ఆవలింతలొచ్చాయి. తిట్టడానికి కూడా ఎవరూ దొరక్క పెద్దలు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని పార్టీలుగా చీలిపోయారు. చివరికి ఊరి ప్రెసిడెంటు సాంబశివరావు మామిడిపళ్ళ బుట్టతో యూనివర్సిటీకి వచ్చాడు.

"మా ఊరి ఆడబిడ్డండీ," అన్నాడు శశిభూషణ్ గారితో. "ఎలాగైనా పాస్ చేయించి త్వరగా పంపండి."

ఆ పేట పిల్లని పాస్ చెయ్యమని పెద్దూరు సిఫారసు చెయ్యడం చరిత్రలో అదే మొదలు. ప్రొఫెసర్ గారు కళ్ళు తుడుచుకున్నాడు. సమాజం మారుతోందన్నాడు. ఆ మాట మీదే ఒక వ్యాసం మొదలుపెట్టాడు.

మౌఖిక పరీక్ష ముందు రోజు దీనమ్మ ఫోన్ చేసింది. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడింది, చేపల గురించి మాట్లాడింది. యోహాను వలలు బాగుచెయ్యడం నేర్చుకున్నాడని, ఇప్పుడు రెండు కాళ్ళూ లోపలే పెట్టుకుని టీ తాగుతున్నాడని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"తల్లీ, నీకు చదువొద్దని నేనెప్పుడూ అన్లేదు గదా."

"అన్లేదమ్మా."

"రేపు పరీక్ష పోగొట్టుకో. మీ నాన్నని మళ్ళీ ఆ గేదెల కాడికి పంపమాక."

నిబంధన ప్రకారం తప్పినవాళ్ళు ఎన్నిసార్లైనా మళ్ళీ చేరొచ్చు. చేరినంతకాలం పేట అవతలే. సువార్త ఆ రాత్రి పట్టా తీసుకుని ఏడ్చినట్టూ, తీసుకోకుండా ఏడ్చినట్టూ రెండు రకాల కలలు కంది.

పొద్దున్న ఎదుట ముగ్గురు పరీక్షకులు కూర్చున్నారు. వరండాలో సాంబశివరావు. శశిభూషణ్ గారు సులువైన ప్రశ్నే వేశాడు. బానిసలకి అక్షరాలు నేర్పడం నేరమని చట్టాలున్న చోట వాళ్ళెలా చదువుకున్నారు?

సువార్తకి జవాబు గొంతులోకి వచ్చేసింది. చాటుగా చదువుకున్నారు. దొర కంట పడితే వీపు చీలుతుందని, చదవడం వచ్చిన వాళ్ళు కూడా దొర ముందు రానట్టు, మొద్దుల్లా నిలబడ్డారు. ఆమె ఆ పాఠాన్ని నోటితో చెప్పలేదు. భుజాలు దించింది, చూపు నేలకి దించింది, పెదవి కాస్త వేలాడేసింది.

"తెలీదండి."

ఇంకో ప్రశ్న. తెలీదండి. మూడోది. తల గోక్కుంది. పట్టుబడితే ఏం చెప్పాలో తెల్లారగట్లే లేచి సిద్ధం చేసుకుంది, జ్వరమనీ, మతిమరుపనీ. వాటితో పని పడలేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు వెనక్కి వాలి, "ఆ పేపర్లు ఎవరో రాసిపెట్టుంటారు" అన్నాడు. పక్కాయన, "వీళ్ళకి సీట్లు ఎలా వస్తున్నాయో మనకి తెలీందా" అన్నాడు. శశిభూషణ్ గారు పాపం కాసేపు బాధపడ్డాడు. తర్వాత ఆయన మొహంలో కూడా ఏదో బరువు దిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మొదటి మార్కులు ఆయనకి ఎక్కడో గుచ్చుకుంటూనే ఉన్నాయి. వరండాలో ఫలితం విని సాంబశివరావు తలపట్టుకున్నాడు, కానీ వెంటనే, "ముందే అనుకున్నా లెండి, వాళ్ళకెక్కడ వస్తుంది" అన్నాడు. పేట తిరిగి రాదన్న బాధలో ఆ మాట ఆయనకి కాస్త ఊరటనిచ్చింది.

సువార్త మెట్లు దిగి అమ్మకి ఫోన్ చేసి, తప్పానని చెప్పింది. అవతల కేకలు, ఈలలు, ఎవరో డప్పందుకున్నారు. ఎవరి జాతర కోసమూ కాదు, వాళ్ళ కోసమే. సువార్త గోడకి ఆనుకుని నవ్వింది.

"అంత చదివిన పిల్లవి, తెలీదంటే ఎట్టా నమ్మారే? శానా నటించాల్సి వచ్చిందా?" అని అడిగింది దీనమ్మ.

"లేదమ్మా. నేను నోరు తెరవకముందే నమ్మేశారు."

దీనమ్మకి అది కొత్త సంగతేం కాదు.

"పోనీలే, మంచిదైంది. అన్నం తిన్నావా?" అంది.