పిండం ముట్టని కాకి

1982 అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున, మిషిగన్‌లోని ట్రాయ్‌లో, దామోదర్ ఇంటి ముందు ముగ్గురు ఇంజనీర్లు స్టేషన్ వ్యాగన్‌లో సామాను సర్దుతున్నారు. ప్లాను చాలా సాదా. మూడు రోజులు రబ్బరు పడవలో ఏటి వెంట పోవడం, దారిలో చేపలు పట్టడం, బాతులు కొట్టడం, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరడం. గాలం శ్యామ్‌సుందర్‌ది, తుపాకీ జగదీష్‌ది, పడవ అద్దెకు తెచ్చింది దామోదర్. ముగ్గురూ కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసేవాళ్ళు కాబట్టి ఏరు కూడా గీసినట్టే నడుస్తుందని వాళ్ళ ధీమా.

అంతలో దామోదర్ భార్య నళిని ఒక స్టీలు డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది.

"ఊరి నుంచి ఉత్తరం వచ్చిందండీ. అమ్మ సంవత్సరీకం తిథి వచ్చే వారం కాదట, రేపేనట. మిగతావన్నీ నేను ఇంట్లో చూసుకుంటాను. కాకి పిండం మాత్రం మీరు పెట్టండి. పొద్దుట్నించీ వెతుకుతున్నాను, మన సబ్‌డివిజన్ ఇళ్ళ చుట్టూ ఒక్క కాకి లేదు."

"అడవిలో కాకులకేం కరువు? పెడతాలే," అన్నాడు దామోదర్.

"పెట్టడం కాదు, అది ముట్టాలి. ముట్టేదాకా మీ ముగ్గురూ తిండి ముట్టకూడదు. తుపాకీ అసలే ముట్టకూడదు."

దామోదర్ సరేనని డబ్బా ఐసుపెట్టెలో పెట్టాడు గానీ, నళిని మొహంలోకి చూడలేదు. దానికో కారణం ఉంది. కిందటేడు అత్తగారు బాలమణి ఆర్నెల్లు ఉందామని వచ్చి, సెప్టెంబరులో "చలి రాకముందే నన్ను పంపించెయ్యి నాయనా" అని అల్లుణ్ణి అడిగింది. టికెట్లు దొరకడం లేదని చెప్పాడు. నిజానికి ట్రావెల్ ఏజెంటుకు ఫోనే చెయ్యలేదు. ఆవిడ పులిహోర అలాంటిది, పైగా పిల్లదాన్ని కూడా ఆవిడే చూసుకునేది. అక్టోబరులో గుండె ఆగి ఆ ఇంట్లోనే పోయింది. టికెట్ల సంగతి నళినికి చెప్పలేదు. తెలిస్తే ఏమవుతుందో ఊహించే ధైర్యం దామోదర్‌కి ఏడాదిగా లేదు.

శనివారం తెల్లారేసరికి ఏటి మీద పొగమంచు కమ్మేసింది. గుడారంలోంచి బయటికి వస్తే పక్కవాడి మొహం కనిపించదు. నీళ్ళ చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. ఇసుక తిన్నె మీద కాగితం పళ్ళెంలో నువ్వులన్నం ముద్ద పెట్టి, దామోదర్ తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టాడు. మంచు కొంచెం పలచబడ్డాక చూస్తే, చిన్న పాయకు అవతల ఎండుకొమ్మ మీద ఒకే ఒక్క కాకి కూర్చుని ఉంది. సూటిగా పళ్ళెం వైపే చూస్తోంది.

"వచ్చింది, వచ్చింది," అని శ్యామ్‌సుందర్ గుసగుసలాడాడు.

వచ్చింది గానీ కదలదు. పావుగంటయింది, అరగంటయింది. రెక్క విదల్చదు, మెడ తిప్పదు. పైగా చుట్టుపక్కల పొదల్లోంచి కావు కావుమని అరుపులు వినిపిస్తున్నాయి. కొమ్మ మీది కాకి ముక్కు మాత్రం విప్పడం లేదు.

"ఏంది బై, గిది కాకేనా?" అన్నాడు జగదీష్. అతనిది కరీంనగర్. "కన్ను గూడ కొడ్తలేదు. అరిచేది ఇదైతే నోరెందుకు కదుల్తలేదు?"

"నోరు లేకుండా అరుస్తోందంటే మామూలు కాకి కాదురా," అన్నాడు శ్యామ్‌సుందర్. కాకినాడ మనిషి, బ్రేకుల డిపార్ట్‌మెంటు, స్వతహాగా పిరికివాడు. "ఆవిడకేదో తీరని కోరిక ఉంది. అది తీరుస్తామని మాటివ్వాలి. మా మేనత్త పోయినప్పుడు నాలుగు వీధుల వాళ్ళు మాటలిస్తే గానీ కాకి దిగలేదు."

దామోదర్ ఐసుపెట్టె తెరిచాడు. పళ్ళెంలో కాస్త ఆవకాయ వేశాడు. కాకి కదల్లేదు. నెయ్యి వేశాడు. కదల్లేదు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి. ఐసుపెట్టెలో ఉడకబెట్టిన గుడ్లున్నాయి, కానీ నళినికి ఇచ్చిన మాట ముందు గుడ్లెంత?

"ఆంటీ మీద నాకు మస్తు గౌరవం," అన్నాడు జగదీష్ చివరికి, ఒక అడుగు ముందుకేసి. "ఆంటీ, మీకు వేట నచ్చకపోతే నేను బంద్ చేస్త. ఒట్టు." తూటాల పెట్టె తీసి ఏట్లోకి గిరాటేశాడు. కాకి చూస్తూనే ఉంది.

"నేను సిగరెట్లు మానేస్తానండీ. మా ఆవిడ ఇండియా వెళ్ళినప్పుడు కూడా కాల్చను," అన్నాడు శ్యామ్‌సుందర్. మరీ భక్తి పొంగి రెండు చేతులూ జోడించాడు. ఆ చేతుల్లో ఒకదానిలో అంతసేపూ పడవ తాడు ఉందన్న సంగతి అతనికి ఆ క్షణాన గుర్తు రాలేదు.

పడవ చప్పుడు చెయ్యలేదు. గుడ్లు, తుపాకీ, గాలాలు, కారు తాళాలు అన్నీ ఎక్కించుకుని, మనిషన్నవాడు లేకుండా, తెడ్లు రెండూ పద్ధతిగా పక్కన పెట్టుకుని, పొగమంచులోకి మెల్లగా వెళ్ళిపోయింది. అది కనుమరుగయ్యేటప్పుడే జగదీష్ చూశాడు.

"అరే! పడవ దానంతట అదే పోతుంది రా! ఆంటీ తీస్కపోతుంది!"

ముగ్గురి వెంట్రుకలూ నిక్కబొడుచుకున్నాయి. పొదల్లో అరుపులు కూడా టక్కున ఆగిపోయాయి. అడవంతా ఊపిరి బిగబట్టినట్టయింది. దామోదర్‌కి ఇక అనుమానం లేదు. ఆవిడ ఇంటికి వెళ్ళాలనుకుంది. వెళ్ళే ప్రయాణం తాను ఆపాడు. ఇప్పుడు తమ ప్రయాణం ఆవిడ ఆపింది.

అతను ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అత్తయ్యగారూ, తప్పు నాదే! టికెట్లు దొరక్కపోవడం కాదు, నేను అడగనే లేదు. మీరుంటే ఇల్లు హాయిగా ఉండేది, అందుకని అబద్ధం చెప్పాను. మీరు మీ ఇంట్లో మీ మంచం మీద పోవలసిన మనిషి. నన్ను క్షమించండి. నళినికి ఇవాళే చెప్పేస్తాను. ఇవాళే!"

ఏడుపు ఆగలేదు. మిగతా ఇద్దరూ తెల్లబోయి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు కొమ్మ మీది కాకి గిర్రున వెనక్కి తిరిగింది. ఒక్కసారి వణికింది. తలకిందులై దబ్బున నేల మీద పడింది.

శ్యామ్‌సుందర్ కెవ్వుమని జగదీష్‌ను కౌగిలించుకున్నాడు. పడిన కాకి ఎగరకుండా, నడవకుండా, గడ్డిలో పక్కవాటుగా ఈడ్చుకుంటూ పొద వైపు పోసాగింది. ఆపైన ఆ పొద లేచి నిలబడింది. దానికి రెండు కాళ్ళున్నాయి, టోపీ ఉంది, మెళ్ళో కాకి కూత ఊదే పీక ఉంది.

"దయచేసి నన్నేమీ చెయ్యకండి," అంది పొద ఇంగ్లీషులో.

ఒంటి నిండా ఆకులు కట్టుకున్న ముసలి వేటగాడు. నిజం కాకుల్ని రప్పించడానికి ప్లాస్టిక్ కాకిని కొమ్మకు కట్టి, దారం చేత పట్టుకుని, తెల్లవారకముందు నుంచీ అక్కడే కూర్చున్నాడు. ఇంతలో ముగ్గురు మనుషులు వచ్చి తన కాకికి అన్నం పెట్టారు, దణ్ణం పెట్టారు, తూటాలు నీళ్ళలో పారేశారు, పడవ వదిలేశారు, చివరికి ఒకడు ఏడవడం మొదలెట్టాడు. తర్వాత వంతు తనదేనేమోనని, కాకిని లాక్కుని పారిపోదామనుకున్నాడట పాపం.

"ప్లాస్టిక్కా!" జగదీష్ ఇసుకలో చతికిలబడ్డాడు. "అయితే ఒట్లన్నీ క్యాన్సిల్. ప్లాస్టిక్‌కి ఇచ్చిన మాట మాటే కాదు."

"నావి కూడా," అన్నాడు శ్యామ్‌సుందర్, జేబు తడుముకుంటూ.

దామోదర్ మాత్రం కళ్ళు తుడుచుకుని లేచాడు. "నేను చెప్పింది కాకికి కాదురా," అన్నాడు.

వేటగాడు వాళ్ళను పాయ దాటించి, తన ట్రక్కులో దగ్గర్లోని ఎరల దుకాణానికి తీసుకెళ్ళాడు. పడవ అప్పటికే కింది వంతెన దగ్గర చిక్కుకుందని అక్కడ తెలిసింది. దామోదర్ గోడ మీది ఫోను తీసి, అవతలివాళ్ళ ఖర్చు మీద కలెక్ట్ కాల్ ఇంటికి చేసి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. పొగమంచు దగ్గర మొదలుపెట్టి టికెట్టు దాకా. చెప్పాక కళ్ళు మూసుకున్నాడు.

అవతల నళిని కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"నాకు తెలుసండీ," అంది నళిని. "ఏజెంటుకి నేనే ఫోన్ చేశాను. సీట్లున్నాయన్నాడు. అమ్మ ముందు అడిగింది మిమ్మల్ని కాదు, నన్ను. నేను వద్దనలేక మీ దగ్గరికి పంపాను. మీరు టికెట్లు లేవని చెబుతారని తెలిసే పంపాను. ఏడాదిగా మీ మొహం చూడలేక చస్తున్నాను."

దామోదర్ గోడకి ఆనుకున్నాడు. ఇద్దరూ కాసేపు ఫోనుకి అటొకరూ ఇటొకరూ ఏడ్చారు.

"ఏవండీ," అంది నళిని ముక్కు చీదుకుని. "ఆ ప్లాస్టిక్ కాకిని అడిగి ఇంటికి తీసుకురండి. నేనూ దాని ముందు కూర్చోవాలి."

దామోదర్ మొహమాటపడుతూ ఎందుకో చెప్పి అడిగితే, ముసలాయన మారు మాట్లాడకుండా కాకిని చేతిలో పెట్టి, తన పెళ్ళయి నలభై ఏళ్ళయిందనీ, అలాంటి వస్తువు తన ఇంట్లో ఉండటం క్షేమం కాదనీ అన్నాడు.