నాలుకెందుకండీ, ఫోనుండగా!

మనిషికి నాలుక అనవసరం. ఈ మాట ఆవేశంతో అనడం లేదు. కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, తాపీగా కూర్చుని అంటున్నాను.

మీరే ఆలోచించండి. నాలుకకున్న పనులు రెండు. ఒకటి రుచి చూడటం, రెండోది మాట్లాడటం. మాట్లాడే పని ఫోను ఎప్పుడో లాగేసుకుంది. రుచి చూసే పని కూడా ఈ మధ్యే పూర్తిగా దాని చేతికి వచ్చింది. ఏ హోటల్లో ఏది బాగుంటుందో, ఏది చెత్తో, మనం గడప తొక్కకముందే స్టార్లు వేసి చెప్పేస్తోంది. ఇక నోట్లో ఆ మెత్తటి ముక్క దేనికి? కొరుక్కోవడానికా?

'తినబోతూ రుచులెందుకు' అన్నారు పెద్దలు. పాపం, అమాయకులు! తినబోయే ముందు కాకపోతే రుచులు ఇంకెప్పుడండీ? తిన్నాక తెలుసుకుని ఏం లాభం? 'ఆకలి రుచి ఎరుగదు' అని కూడా అన్నారు. వాళ్ల కాలంలో యాప్ లేదు కాబట్టి ఎరగలేదు. ఇప్పటి ఆకలికి అన్నీ తెలుసు. నాలుగు పాయింట్ మూడుకి తక్కువైతే అది ఇల్లు కదలదు.

మా ఇంటి సంగతే చూడండి. పోయిన ఆదివారం మధ్యాహ్నం బయట తిందామనుకున్నాం. పన్నెండింటికి మా ఆవిడ ఒక ఫోను తీసింది, మా అమ్మాయి ఇంకో ఫోను తీసింది. మొదటి హోటలుకి నాలుగున్నర స్టార్లున్నాయి కానీ, ఎవరో 'కుర్చీలు గట్టిగా ఉన్నాయి' అని రాశారు. రెండోదానికి ఒకాయన ఒక్కటే స్టార్ ఇచ్చాడు. కారణం? ఆయన వెళ్లిన రోజు వాన పడిందట! మూడోదాన్ని పొగిడినవాళ్లందరూ యజమాని చుట్టాల్లా ఉన్నారని మా అమ్మాయి పసిగట్టింది. ఇలా ముప్పై ఏడు హోటళ్లు తిరిగి, ఎక్కడా కాలు పెట్టకుండానే మూడింటికల్లా అలిసిపోయాం. ఆఖరికి ఇంట్లో ఉన్న బ్రెడ్డు కాల్చుకు తిన్నాం. ఈ భాగ్యం మా తాతలకి ఉందా?

మా ఆఫీసు క్యాషియర్ ఇంకా అదృష్టవంతుడు. మధ్యాహ్నం డబ్బా విప్పి, పక్కనే ఫోను నిలబెట్టి, ఎవరో ఎక్కడో హోటల్లో తింటున్న వీడియో చూస్తూ తింటాడు. మూత పెట్టాక 'డబ్బాలో ఏముందయ్యా ఇవాళ?' అంటే చెప్పలేడు. వాళ్లావిడ తెల్లవారుజామునే లేచి వండిందే! అయినా దానికి స్టార్లు లేవు కదా, ఏమని చెప్తాడు?

ఈ విద్యలో మా చుట్టాలందరిలోకీ ఆరితేరినవాడు మా తోడల్లుడు, అంటే మా మరదలి భర్త. ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆఫీసులో, కాపురం హోటళ్లలో. 'రుచుల దండయాత్ర' అని ఫోనులో ఒక పేజీ నడుపుతాడు. పద్దెనిమిది వేలమంది ఆయన్ని ఫాలో అవుతున్నారట. ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లలు మాత్రం అవ్వరు.

ఆయనతో భోజనానికి వెళ్లడమంటే తపస్సే. ప్లేట్లు రాగానే "ఎవరూ ముట్టుకోకండి!" అని చెయ్యి అడ్డం పెడతాడు. కుర్చీ ఎక్కి పైనుంచి ఒక ఫోటో, మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి ఇంకో ఫోటో. మా మరదలు రెండో ఫోనుతో లైటు పట్టుకు నించుంటుంది. ఈలోగా ఆవిరి ఆగిపోతుంది. ఫోటోలో ఆవిరి లేకపోతే పద్దెనిమిది వేలమంది చిన్నబుచ్చుకోరూ? ప్లేటు వెనక్కి పంపి, వేడి చేయించి, మళ్లీ మొదలెడతాడు. నాలుగోసారి వేడి చేసిన చేప మీరెప్పుడైనా తిన్నారా? నేను తిన్నాను. ఐదు స్టార్ల చేప!

మొన్న మా పెదమావగారికి కడుపు ఆపరేషన్ అయితే అందరం చూడ్డానికి వెళ్లాం. పదిరోజులు నోట్లో మంచినీళ్లు కూడా పొయ్యొద్దన్నాడు డాక్టర్. మా తోడల్లుడు మంచం పక్కకి కుర్చీ లాక్కుని, కొత్తగా తెరిచిన హోటల్లో మాంసం ఎముక మీంచి ఎలా జారిపడుతుందో అరగంటసేపు వర్ణించాడు. పెదమావగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూశారా అన్నయ్యగారూ, ఎంత కదిలిపోయారో!" అన్నాడు నాతో.

పోతూ పోతూ ఆస్పత్రి క్యాంటీనుకి మూడు స్టార్లిచ్చి, 'రుచి ఫరవాలేదు, కస్టమర్లలో ఉత్సాహం తక్కువ' అని రాశాడు.

స్టార్ల వల్ల హోటళ్లలో వినయం కూడా పెరిగింది సుమండీ! మా తోడల్లుడు చెప్పాడని ఒక నాలుగు పాయింట్ ఎనిమిది హోటలుకి వెళ్లాను. మెట్ల మీద గంటన్నర నించున్నాక బల్ల దొరికింది. మొదటి ముద్ద నోట్లో ఉండగానే వెయిటర్ పక్కకొచ్చి వంగాడు. "రివ్యూలో నా పేరు కూడా రాయండి సార్. ఐదు ఇవ్వండి. నాలుగిస్తే మేనేజర్ లోపలికి పిలుస్తాడు." నలభై దాటిన మనిషి. నా ముద్ద దిగేదాకా చేతులు కట్టుకుని నించున్నాడు. అంత మర్యాద నాకు అత్తారింట్లో కూడా జరగలేదు! ఐదు నొక్కాను. కూర ఎలా ఉందంటారా? గుర్తులేదు. నా చూపంతా ఆయన చేతుల మీదే ఉంది.

లోకానికి ఇంత మేలు చేస్తున్న ఈ విద్యని నేను ఒకే ఒక్క చోటికి రానివ్వకూడదనుకున్నాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా ఆఫీసు వెనక సందులో, జిరాక్సు షాపుకీ గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్య, ఆరు బల్లల హోటలొకటుంది. బోర్డు లేదు. అక్క వండుతుంది, ఆవిడ భర్త వడ్డిస్తాడు. నాకు అక్కేమీ కాదు, సందంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. పదకొండేళ్లుగా నా మధ్యాహ్నం తిండి అక్కడే, కిటికీ పక్కనున్న మూడో బల్ల దగ్గర. సూప్, రొట్టె, ఒక కూర. సూప్‌లోకి మిరియాలు అప్పటికప్పుడు దంచి వేస్తుంది. నాకు జలుబు చేసిన రోజు, నేను నోరు విప్పకముందే మరో చిటికెడు పడుతుంది. బాగుందని నేనెప్పుడూ చెప్పలేదు, ఎలా ఉందని ఆవిడెప్పుడూ అడగలేదు. గిన్నె ఖాళీ అయ్యేది, ఆవిడ చూసేది. మా ఇద్దరికీ అది సరిపోయింది.

ఓ రోజు మా తోడల్లుడు ఏదో పాలసీ కాగితం మీద నా సంతకం కోసం ఆఫీసుకి వచ్చి, నా వెనకాలే అక్కడికీ వచ్చాడు. సూప్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు మూశాడంటే ఫోను తెరుస్తాడు.

"పదకొండేళ్లుగా ఇది మా దగ్గర దాచారా అన్నయ్యగారూ? దుర్మార్గం కాదూ!"

"బాబ్బాబు, ఇదొక్కటీ వదిలెయ్యి. ఉన్నవి ఆరే బల్లలు."

"మంచిదాన్ని పదిమందికీ పంచాలండీ" అంటూ ఆయన అప్పటికే కుర్చీ ఎక్కేశాడు.

మర్నాటి నుంచి సందు నిండా జనం. జిరాక్సు తీయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా అదే లైను అనుకుని నించున్నారు. నాలుగు రోజులు నాకు బల్ల దొరకలేదు. ఐదో రోజు మూడో బల్ల దగ్గర ఓ జంట సూప్‌ని తాగకుండా దాని చుట్టూ ఫోను తిప్పుతూ కూర్చుంది. పొయ్యి దగ్గర్నుంచి అక్క నన్ను చూసి, ఖాళీ లేదన్నట్టు చెయ్యి ఊపింది. చెమటలు కారుతున్నాయి గానీ ఆవిడ మొహం వెలిగిపోతోంది. నేనది చూశాను. చూసి కూడా లెక్కచెయ్యలేదు.

ఆకలి మీద బుద్ధి పనిచెయ్యదంటారు. నాది మహా చురుగ్గా పనిచేసింది. ఆఫీసుకొచ్చి తలుపేసుకుని, 'నిష్పక్షపాతి' అనే పేరు పెట్టుకుని, ఒక్క స్టార్ ఇచ్చాను. 'సూప్ నిండా మిరియాలే, గొంతు మండిపోయింది. గ్లాసులు కడిగిన జాడ లేదు. రొట్టె నిన్నటిది' అని రాశాను. అన్నీ అబద్ధాలే. ఇరవై ఏళ్లుగా పత్రికలకి రాస్తున్నాను, అంత నమ్మకంగా ఒక్క వాక్యమూ రాయలేదు.

ఈ కాలమ్‌కి వారానికి రెండు ఉత్తరాలొస్తే గొప్ప. అలాంటిది, నా నాలుగు ముక్కలూ 'ఉపయోగపడ్డాయి' అని మూడు రోజుల్లో నాలుగు వందలమంది నొక్కారు! 'నాకూ గొంతు మండింది' అని ముప్పై ఒక్కమంది కింద రాశారు. వాళ్లలో ఒకాయన అక్కడ ఐస్‌క్రీం కూడా బాగాలేదన్నాడు. అక్కడ ఐస్‌క్రీమే ఉండదు. వారం తిరక్కుండా సందు ఖాళీ అయిపోయింది. కొత్తవాళ్లే కాదు, పాతవాళ్లలో కూడా కొందరు రావడం మానేశారు. నా బల్ల నాకొచ్చింది. నక్క తోక తొక్కినవాడిలా వెళ్లి కూర్చున్నాను.

సూప్ వచ్చింది. మిరియాలు లేవు.

ఆవేళ నాకు జలుబు కూడా. అయినా లేవు. అటు చూద్దును కదా, అక్క భర్త ఒక్కో గ్లాసునీ రెండేసిసార్లు కడిగి, కిటికీ దగ్గరికి నడిచి, వెలుగులో పట్టి నాకు చూపించి, అప్పుడు బల్ల మీద పెడుతున్నాడు. మోకాళ్ల నొప్పుల మనిషి. కాసేపటికి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోను నా ముందు పెట్టింది.

"మీరు పేపర్లో రాస్తారు కదా సార్. ఈ నిష్పక్షపాతి ఎవరో కాస్త కనుక్కోగలరా?"

"ఎవడో దరిద్రుడులెండి అక్కా, వదిలెయ్యండి" అన్నాను.

"అలా అనకండి సార్. తిని రాశాడు కదా. తినకుండా ఎవరైనా ఎందుకు రాస్తారు?" అంది. "నిన్నటి రొట్టె అన్నాడు, అదే నాకు అర్థం కావట్లేదు. నిన్నటిది మిగిలితే నేనూ మా ఆయనా తింటాం, బల్ల మీద ఎప్పుడూ పెట్టలేదు. ఆ రోజు పొరపాటున గానీ వచ్చేసిందేమోనని ఒకటే ఆలోచన. ఆ రాసినాయన ఇంకొక్కసారి వస్తే బాగుండు సార్. కూర్చోబెట్టి, మిరియాలు ఎంత వెయ్యాలో అడుగుదును."

"మీరు ఎప్పటిలాగే వెయ్యండి అక్కా. నాకలాగే ఇష్టం." పదకొండేళ్లలో ఆ మాట నోరు తెరిచి చెప్పడం అదే మొదటిసారి.

ఆవిడ నవ్వింది. "మీకు మొహమాటం సార్. ఇన్నాళ్లూ గొంతు మండినా చెప్పి ఉండరు మీరు."

చూశారా మరి? మొహం కూడా లేనివాడు ఫోనులో రాస్తే వేదవాక్కు. ఎదురుగా కూర్చుని, తింటూ, కళ్లలోకి చూసి చెబితే మొహమాటం! నాలుక అనవసరమని నేను ఊరికే అన్నానా?

ఆ సాయంత్రమే నేను రాసింది చెరిపేశాను. మిగతా ముప్పై ఒక్కరి గొంతులూ ఇంకా మండుతూనే ఉన్నాయి. మా తోడల్లుడు తను పెట్టిన సూప్ ఫోటో కూడా తీసేశాడు. "రెండు పాయింట్ ఒకటికి పడిపోయిందండీ. ఆ రోజు నా నోరు బాగాలేదేమో" అన్నాడు. కళ్లు మూసుకుని తాగిన సూప్ సంగతి ఆయన నాలుకే ఆయనకి చెప్పలేకపోయింది.

ఈ పత్రిక ఆదివారం పొద్దున్నే ఆ హోటలుకి వెళ్తుంది. అక్క పిండి కలుపుతుంటే ఆవిడ భర్త నా కాలమ్ పైకి చదువుతాడు, ఇన్నేళ్లుగా వాళ్లకది అలవాటు. బ్రెడ్డు దగ్గరా, ఆస్పత్రి దగ్గరా ఇద్దరూ నవ్వుతారు. ఇక్కడికొచ్చేసరికి ఆయన చదవడం ఆపేస్తాడు.

అక్కా, ఆ నిష్పక్షపాతి ఇంకొక్కసారి వస్తే బాగుండన్నారు కదా. రోజూ వస్తూనే ఉన్నాడు. సోమవారం కూడా వస్తాడు. మూడో బల్ల ఇస్తే కూర్చుంటాడు, లేకపోతే గుమ్మంలోనే నించుంటాడు. మిరియాలు ఎంత వెయ్యాలో అడగక్కర్లేదు. డబ్బాలో ఉన్నవన్నీ దంచి పోసినా సరే, గిన్నె ఖాళీ చేశాకే లేస్తాను.